లోహపు రేకుల శిల్పి డొనాల్డ్ జడ్

శిల్పమనగానే మనకు స్ఫురించునది రూపము. శిలయందు దేవతామూర్తియో, రాజమూర్తియో, లతయో, గజమో కనబడవలెను. శిల మఱుగుపడి మూర్తి ప్రకాశించుటయే శిల్పి నేర్పని తరతరములుగా లోకము నమ్మినది. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున అమెరికా దేశమునందు డొనాల్డ్ జడ్ అను కళాకారుడు ఈ నమ్మకమునకు ఎదురు నిలిచెను. ఆయన చేయించిన వస్తువులలో దేవుడు లేడు, మనుష్యుడు లేడు, కథ లేదు. ఇనుప రేకు ఇనుప రేకుగానే యుండును; పెట్టె పెట్టెగానే యుండును. పైగా వానిలో పెక్కింటిని ఆయన తన చేతులతో చేయలేదు. రేకు పని చేయు కార్ఖానాలకు కొలతలిచ్చి చేయించెను. అయినను అట్టి వస్తువులను ప్రపంచమునందలి గొప్ప ప్రదర్శనశాలలు భద్రపఱచి చూపుచున్నవి. ఇది కళ యెట్లగును, చేయనివాడు కర్త యెట్లగును, అను రెండు ప్రశ్నలు సామాన్యునకు తోచుట సహజము. ఈ రెండు ప్రశ్నలతోడను జడ్ జీవితాంతము పెనగులాడెను గనుక, ఆయన చరిత్రము తెలిసికొనుటయే వానికి ఉత్తరము వెదకుట యగును.

జడ్ 1928 వ సంవత్సరము జూన్ 3 వ తేదీన మిస్సోరీ రాష్ట్రములోని ఎక్సెల్సియర్ స్ప్రింగ్స్ అను ఊర, తాతగారి వ్యవసాయ క్షేత్రమున జన్మించెను. యుక్తవయస్సున సైన్యమున చేరి 1946, 47 సంవత్సరములలో కొరియా దేశమునందు ఇంజనీరింగు దళములో పనిచేసెను. తిరిగివచ్చిన పిమ్మట న్యూయార్కు నగరము చేరి, ఒకవైపు కొలంబియా విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రమును, మఱియొకవైపు ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్ అను విద్యాలయమున చిత్రకళను అభ్యసించెను. 1953 లో తత్త్వశాస్త్రమున పట్టము పొంది, కొంతకాలమునకు ఆ విశ్వవిద్యాలయముననే కళాచరిత్రమును చదివెను. 1959 మొదలు 1965 వఱకు ఒక కళాపత్రికకు విమర్శలు వ్రాసి జీవనము గడపుకొనెను. నగరమున జరుగు ప్రదర్శనములను చూచి, వందలకొలది చిన్న విమర్శలను వ్రాసెను. ఆ వ్రాతలో అలంకారము తక్కువ. వస్తువు దేనితో చేయబడినది, ఎట్లున్నది, అందు మెచ్చదగినదేమి, మెచ్చరానిదేమి యని సూటిగా చెప్పుట ఆయన పద్ధతి. పిమ్మట ఆయన చేసిన వస్తువులకును ఈ గుణమే పట్టుబడినది.

మొదట జడ్ చిత్రకారుడే. పటములు వ్రాసి ప్రదర్శించెను గాని, వానితో తృప్తి కలుగలేదు. చదునైన పటము మీద ఒక గీత గీసినను చాలు, చూచువానికి ఒకటి ముందుగను, మఱియొకటి వెనుకగను భ్రమ కలుగును. లేని లోతును ఉన్నట్లు చూపుట ఆయనకు అసత్యమువలె తోచెను. ఉన్న లోతునే యుపయోగించిన నేమి యను ఆలోచన పుట్టెను. 1961 లో చేసిన యొక ఫలకము నడుమ, వంటయింట రొట్టెలు కాల్చుకొను లోహపు పళ్లెము నొకదానిని పొదిగెను. ఆ పళ్లెపు లోతు చిత్రకారుడు కల్పించినది గాదు. చేయి పెట్టి చూడదగిన నిజమైన లోతు. పటమునుండి వస్తువునకు ఆయన వేసిన మొదటి యడుగులలో నిది యొకటి.

అటుపిమ్మట ఆయన గోడను విడిచి నేలకు దిగెను. కొయ్య పలకలతో పెట్టెలను చేసి, వానికి కాంతిమంతమగు ఎఱుపు రంగు పూసెను. ఆ రంగు అంచులను స్పష్టముగా చూపుననియే దానిని ఎంచుకొనెను. ఈ తొలి పనులలో వడ్రంగము బాగుగా తెలిసిన తండ్రి రాయ్ జడ్ కుమారునకు తోడ్పడెను. కొయ్యతోపాటు ఇనుప గొట్టము వంటి సామాన్యపు సామగ్రియు వీనిలో చేరెను. 1963 డిసెంబరులో న్యూయార్కు నందలి గ్రీన్ గ్యాలరీలో ఈ వస్తువుల ప్రదర్శనము జరిగెను. పీఠములు లేవు, వస్తువులు నేలమీదనే నిలిచినవి. శిల్పమునకు పీఠముండుట రాజునకు సింహాసనముండుట వంటిదని యెంచువారికి ఇది వింతగా నుండెను. చూడవచ్చినవాడు నిలిచిన నేలమీదనే ఆ వస్తువును నిలిచియున్నది.

కొయ్య పనిలో ఒక చిక్కు కలదు. మందమైన పలకలతో గాని పెట్టె నిలువదు, అతుకులు కనబడును, రంగు క్రింద కొయ్య దాగును. పలుచగను, గట్టిగను, తన రంగు తానే చూపుచును ఉండు పదార్థము జడ్‌కు కావలసివచ్చెను. 1964 నుండి ఆయన బెర్న్‌స్టీన్ బ్రదర్స్ అను రేకు పనివారి దుకాణమున తన వస్తువులను చేయింప నారంభించెను. జింకు పూత పూసిన ఇనుప రేకు మనకు క్రొత్త గాదు. నీళ్ల బొక్కెనకును, పాక మీది కప్పునకును, ధాన్యము దాచుకొను పీపాకును ఆ రేకే వాడుదుము. జింకు పూతలో మెఱుపును, మసకయు కలిసి తునకలు తునకలుగా కనబడు వన్నె యొకటి యుండును. అది చిత్రకారుడు పూసినది గాక, పదార్థమునకు సహజముగా వచ్చినది. జడ్ దానిని దాచక అట్లే విడిచెను. తరువాత ఇత్తడి, రాగి, అల్యూమినియము, స్టెయిన్‌లెస్ స్టీలు, ప్లెక్సీగ్లాసు అను పారదర్శకమగు రంగు పలక, ఇవి యన్నియు ఆయన సామగ్రిలో చేరినవి. కొన్నిటికి హార్లీ డేవిడ్‌సన్ మోటారు సైకిళ్లకు పూయు రంగును పూయించెను.

పని జరిగిన విధమిది. జడ్ కాగితము మీద రేఖాచిత్రము గీసి కొలతలు వేయును. పనివారు రేకును కత్తిరించి, మడిచి, అతుకుదురు. రేకు ఎంత మందముండవలెనో, ఏ అంచున మడవవలెనో, అతుకు ఎచ్చట పడవలెనో, ఈ విషయములన్నియు పనివారి నేర్పునకును జడ్ నిర్ణయమునకును నడుమ తేలవలసినవి. "చేతులతో చేయనివాడు శిల్పి యెట్లగును?" అని ఆక్షేపించినవారు లేకపోలేదు. మన శిల్పశాస్త్రములు తెలిసినవారికి ఈ ఆక్షేపము అంత బలమైనదిగా తోచదు. మయమతమునందు పనివారు నలుగురు చెప్పబడిరి. స్థపతి యావత్తు నిర్మాణమును భావించి నడపును; సూత్రగ్రాహి త్రాడు పట్టి కొలుచును; తక్షకుడు చెక్కును; వర్ధకి కూర్చును. స్థపతి ఉలి పట్టని దినమున నతడు స్థపతి కాకపోడు. జడ్ ఈ గ్రంథములను చూచి నడచెనని చెప్పుట గాదు. భావించువాడు, చేయువాడు అను విభాగము యంత్రయుగముతో పుట్టినది కాదని తెలియుటకే యీ ప్రస్తావన. అయితే స్థపతి యనిపించుకొనువాడు ఆ నలుగురి పనియు నెఱిగినవాడై యుండవలెననియు ఆ శాస్త్రమే చెప్పును. ఈ రెండవ మాట మున్ముందు జడ్ విషయమున అక్కఱకు వచ్చును.

ఆయన వస్తువులలో మిక్కిలి ప్రసిద్ధమైనవి గోడకు నిలువుగా అమర్చిన పెట్టెల వరుసలు. 1967 లో చేయబడి, న్యూయార్కు నందలి ఆధునిక కళాప్రదర్శనశాలలో నున్న యొక దానియందు 12 పెట్టెలు కలవు. ఒక్కొక్కటి 9 అంగుళముల ఎత్తు, 40 అంగుళముల వెడల్పు, గోడనుండి 31 అంగుళములు ముందునకు చొచ్చియుండును. పెట్టెకు పెట్టెకు నడుమ ఎడమును 9 అంగుళములే. ఇందలి విశేషము ఆ ఎడమునందున్నది. రేకుతో చేసిన భాగమెంతయో, ఏమియు లేని భాగమును అంతయే. పాత్రయందలి ఖాళీ పాత్రకెంత ముఖ్యమో మనకు తెలియును. జడ్ ఆ ఖాళీకి సైతము కొలత వేసి, దానిని వస్తువులో భాగముగా చేసెను. కావున ఆ పెట్టెలను ఒకదానినొకటి తాకునట్లు పేర్చినచో వస్తువు నశించును.

మఱికొన్నిటిని ఆయన గోడ మీద అడ్డముగా అమర్చెను. వీనిలో భాగములు ఒక లెక్క ప్రకారము ఒకవైపునుండి పెరుగుచు పోగా, వాని నడిమి ఖాళీలు అదే లెక్కతో ఎదురువైపునుండి పెరుగుచు వచ్చును. ఇందుకై ఆయన వాడిన లెక్కలలో ఒకటి పాశ్చాత్యులు ఫిబొనాచ్చి శ్రేణి యను 1, 2, 3, 5, 8 అను వరుస. ప్రతి సంఖ్యయు తనకు ముందున్న రెండింటి మొత్తము. ఛందస్సు చదివినవారికి ఈ వరుస చుట్టమే. లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు. ఒక మాత్రకు ప్రస్తారమొకటి, రెండు మాత్రలకు రెండు, మూడింటికి మూడు. నాలుగు మాత్రలకు గగ, గలల, లగల, లలగ, లలలల యని ఐదు. ఐదు మాత్రలకు ఎనిమిది. ఇటలీ దేశపు ఫిబొనాచ్చి 1202 లో తన గ్రంథమును వ్రాయుటకు ముందే, మన దేశమున విరహాంకుడును, పిదప 12 వ శతాబ్దమున హేమచంద్రుడును మాత్రావృత్తములను లెక్కించుచు ఈ సూత్రమును చెప్పిరి. పద్యమునకు గణమెట్లో జడ్ వస్తువునకు సంఖ్య అట్లు. గణములు తెలియనివాడును పద్యపు నడకను విని ఆనందించును. ఆ లెక్క తెలియనివాడును జడ్ వస్తువునందు ఒక క్రమమును చూడగలడు. ఈ భాగమెంత, ఆ భాగమెంత యని ప్రతిచోటను తన యిష్టము చొప్పున తూచుచు కూర్చుండుట జడ్‌కు నచ్చలేదు. లెక్కను ముందే అంగీకరించినచో వస్తువు ఒక్క ముద్దగా నిలుచునని ఆయన తలంపు.

1965 లో "నిర్దిష్ట వస్తువులు" అను అర్థమిచ్చు పేరుతో ఆయన ప్రకటించిన వ్యాసము మిక్కిలి చర్చకు పాత్రమైనది. అప్పటి క్రొత్త పనులలో మేలైనవి చిత్రములును గావు, శిల్పములును గావు. అవి మూడవ జాతికి చెందిన వస్తువులని ఆయన వాదము. లోకము ఈ పద్ధతికి "మినిమలిజము" అని పేరు పెట్టెను. కనీసముతో సరిపెట్టునదని దాని భావము. ఈ పేరును జడ్ ఎన్నడును ఒప్పుకొనలేదు. తన వస్తువులలో ఏదో తీసివేయబడినదనుట ఆయనకు సమ్మతము గాదు. ప్రతిపక్షమును దుర్బలమైనది గాదు. 1967 లో మైకేల్ ఫ్రీడ్ అను విమర్శకుడు, ఇట్టి వస్తువులు తమలో తాము పూర్ణములు గాక, ప్రేక్షకుడు వచ్చి ఎదుట నిలుచుటకై కాచుకొనియుండు నాటకము వంటివని గట్టిగా ఖండించెను. ఈ విమర్శలో నిజమున్నది. జడ్ వస్తువు చూచువాని నడకను, గదిలోని వెలుగును, గోడను, నేలను కోరుచునే యుండును. ఫ్రీడ్ దోషమని చూపినదియే జడ్ మార్గమునకు ఆధారము. ఆ మార్గమే ఆయనను క్రమముగా వస్తువునుండి గదికిని, గదినుండి భవనమునకును, భవనమునుండి ఒక యూరికిని నడిపించెను.

1968 లో విట్నీ ప్రదర్శనశాల ఆయన పనులను చేర్చి పెద్ద ప్రదర్శనము జరిపెను. అప్పటికి ఆయన వయస్సు 39 ఏండ్లు. ఆ సంవత్సరమే ఆయన న్యూయార్కులో స్ప్రింగ్ వీధియందు 1870 లో కట్టిన ఐదంతస్తుల పోత ఇనుప భవనమును కొనెను. ఒక్కొక్క అంతస్తు ఒక్కొక్క పనికి విడిచి, తనవియు, తన మిత్రులవియు నగు పనులను శాశ్వతముగా అమర్చెను. ప్రదర్శనశాలలవారు నెలకొకమాఱు వస్తువులను మార్చుట, త్రోవలో సొట్టలు పడుట, చూడవచ్చినవారి వ్రేలిముద్రలు లోహమునకు పట్టి వదలకుండుట, ఇవి ఆయనను బాధించెడివి. చేతి జాడ లేని వస్తువును చేయించినవానికి, పరుల చేతి జాడయే శత్రువైనది. ఒక వస్తువు ఒకచోట నిలుకడగా నుండి, పగలు రేయి, వేసవి శీతము దానిమీదుగా గడచినగాని దాని గుణము తెలియదని ఆయన యెంచెను.

1970 తరువాత ఆయన దృష్టి టెక్సాస్ రాష్ట్రపు పశ్చిమ భాగమున, మెక్సికో సరిహద్దునకు చేరువనున్న మార్ఫా అను చిన్న యూరిపై పడెను. పశువుల మేపునకు పేరుపొందిన ఎడారి ప్రదేశమది. 1973 మొదలు అచ్చట ఆయన స్థలములను కొని, పాత విమానశాలలను రెండింటిని తన పనులకు నిలయములుగా మార్చి, చుట్టును ఎండబెట్టిన పచ్చి ఇటుకతో ప్రహరీగోడ కట్టించెను. 1979 లో డియా అను కళాసంస్థ ఆయన పనులకు ధనమిచ్చుటకు పూనుకొని, సైన్యము 1946 లో విడిచిపోయిన కోటస్థలమును కొనెను. ఫిరంగులను దాచుకొనిన రెండు పెద్ద కొట్లు అందుండెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మను ఖైదీలు చెఱనుండిన తావు గనుక, జర్మను భాషలో వ్రాసిన హెచ్చరికలు గోడల మీద నిలిచియున్నవి. తల పోగొట్టుకొనుటకంటె తలను వాడుకొనుట మేలని వానిలో నొకటి చెప్పును. జడ్ ఆ వ్రాతలను చెఱపక అట్లే యుంచెను.

ఆ కొట్ల చదును కప్పులు కురియుచుండగా, వాని మీద జింకు రేకుతో విల్లువంటి రెండవ కప్పు వేయించెను. శిథిలములైన తలుపులను తొలగించి, ఆ తావుల పెద్ద అద్దపు కిటికీలను పెట్టించెను. 1982 మొదలు 1986 వఱకు ఆ రెండు కొట్లలో 100 అల్యూమినియపు పెట్టెలు అమర్చబడినవి. వీనిని కనెక్టికట్ రాష్ట్రములోని లిప్పిన్‌కాట్ అను సంస్థ తయారుచేసెను. ప్రతి పెట్టెయు 41 అంగుళముల ఎత్తు, 51 అంగుళముల వెడల్పు, 72 అంగుళముల పొడవు. పై కొలత నూఱింటికిని ఒకటే. లోపలి యేర్పాటు మాత్రము ఏ రెండింటికిని ఒకటి గాదు. ఒకదాని నడుమ అడ్డు పలక యుండును. ఒకదానికి పైకప్పు ఏటవాలుగా లోనికి దిగును. మఱియొకటి ప్రక్కలు లేక తెరచియుండును. ఉదయమున వెండివలె మెఱయుచు, సాయంకాలమున ఎడారి యెండ సోకి బంగారు వన్నె దాల్చుచు, మబ్బు పట్టినపుడు బూడిద వన్నెకు దిగుచు, ఆ లోహము ఆకాశమును తనలోనికి దింపుకొనును. రంగు పూయని రేకునకు ఇన్ని రంగులు! వెలుపల మైదానమున 1980, 84 సంవత్సరముల నడుమ 15 కాంక్రీటు నిర్మాణములను ఒక కిలోమీటరు పొడవున వరుసగా నిలిపెను. ఒక్కొక్క పెట్టె రెండున్నర మీటర్ల ఎత్తు, రెండున్నర మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు; పలకల మందము 25 సెంటీమీటర్లు.

పని నిరాటంకముగా సాగలేదు. డియా సంస్థ ఆదాయము చమురు వ్యాపారపు వాటాలపై నాధారపడియుండెను. ఆ వాటాల వెల పడిపోగా సంస్థ వెనుకంజ వేసెను. జడ్ వ్యాజ్యము వేయుదునని నిలువగా, తుదకు రాజీ కుదిరి, కోటస్థలమును, అందలి పనులును చినాటి ఫౌండేషను అను స్వతంత్ర సంస్థకు సంక్రమించినవి. 1986 లో అది ప్రజలకు తెఱవబడెను.

ఇంతకంటె తీవ్రమైన తగవు మఱియొకటి కలదు. ఇటలీ దేశపు ధనికుడు జుజెప్పె పాంజా 1970 ప్రాంతముల జడ్ పనులను పెక్కింటిని వస్తువులుగా గాక, కాగితము మీది పథకములుగా కొనెను. కొలతలను, సంతకము చేసిన పత్రములను ఆధారము చేసికొని తానే వానిని కట్టించుకొనుటకు హక్కు పొందెను. కాగా ఆ విధముగా కట్టిన వానిని జడ్ చూచి, అవి తనవి కావని త్రోసిపుచ్చెను. 1989 లో లాస్ ఏంజిల్స్ నగరమున తనకు తెలియకుండ తన పనిని చేయించి ప్రదర్శింపగా, అది కూటమని బహిరంగముగా నిరసించెను. చూచినవారు కొందఱు ఆశ్చర్యపడిరి. చేయించునది కార్ఖానాయే యైనపుడు ఏ కార్ఖానా చేసిన నేమి? సంతకము చేసి పత్రమిచ్చినవాడు జడ్ గాడా? ఈ ప్రశ్నలో న్యాయమున్నది. పత్రమిచ్చుట జడ్ చేసిన పొరపాటే. కాని ఆయన మాటలోను సత్యము కలదు. పటము మీది పొలము పంటనీయదు. రేకు మందము, అంచు మడత, అతుకు, గోడనుండి దూరము, ఇవి చిన్న విషయములని తోచును గాని, దేవుని బొమ్మయో కథయో లేని పనిలో ఉన్నవన్నియు అవియే. వానిని ప్రక్కన నిలిచి చూచి, కాదన్నదానిని కాదని, ఔనన్నదానిని ఔనని నిర్ణయించుటయే కర్తృత్వము. స్థపతి నలుగురి పనియు నెఱుగవలెనను శాస్త్రవాక్యమిచ్చట సార్థకమగుచున్నది. జడ్ ఉలిని విడిచెను గాని బాధ్యతను విడువలేదు. ఒకమాఱు పత్రములతో దానిని విడిచినట్లయి, దాని ఫలమనుభవించెను.

మార్ఫాలో జడ్ తన బిడ్డలకును, తనకును కావలసిన మంచములు, బల్లలు, కుర్చీలు కొయ్యతో చేయించెను. ఇవి కళాఖండములు గావనియు, కూర్చుండుటకు పనికిరాని కుర్చీ కుర్చీ కాదనియు స్పష్టముగా చెప్పెడివాడు. గ్రంథాలయ పాఠకులకు ప్రీతి గొలుపు విషయము మఱియొకటి కలదు. ఆ యెడారి యూర ఆయన సేకరించిన సొంత గ్రంథాలయమున 13,000 కు మించిన సంపుటములు కలవు. కళ, వాస్తు, తత్త్వము, పలు దేశముల చరిత్రములు అందున్నవి. రేకు పెట్టెలను ఎంత శ్రద్ధగా అమర్చెనో పుస్తకములను అంత శ్రద్ధగా అమర్చెను. ఏమియు చెప్పని వస్తువులను చేసినవాడు ఇంత చదివియుండుట ఆలోచింపదగినది.

1984 మొదలు స్విట్జర్లండు కార్ఖానాలో రంగులు పూసిన అల్యూమినియపు రేకులతో, ఎఱుపు, పసుపు, నీలము మున్నగు పలు వన్నెలు కలిసిన క్రొత్త పనులను చేయించెను. నిరాడంబరుడని పేరుపడినవాడు తుదిదశలో రంగులవైపు మరలెను. 1994 ఫిబ్రవరి 12 వ తేదీన 65 వ యేట న్యూయార్కులో క్యాన్సరు వ్యాధితో మరణించెను. ఆయన పేర నేర్పడిన సంస్థ స్ప్రింగ్ వీధి భవనమును బాగుచేయించి 2013 లో ప్రజలకు తెఱచెను. 2020 లో ఆధునిక కళాప్రదర్శనశాల ఆయన పనులతో పెద్ద ప్రదర్శనము జరిపెను.

జడ్ మార్గము అందఱకు రుచింపవలెనని లేదు. రూపము కోరు కన్నులకు ఆ పెట్టెలు బోసిగా కనబడవచ్చును. శిలయందు దేవుని చూచిన జాతికి ఆ బోసితనము మఱింత తోచవచ్చును. అయినను నిత్యము మన కంటబడుచు మనము చూడని జింకు రేకును, పలకను, ఇటుకను చూడదగినవిగా చేసినవాడు ఆయన. ఏ పదార్థమును మఱియొకటిగా నటింపజేయలేదు. కొలతలో అర అంగుళము తప్పినను ఒప్పుకొనలేదు. పరుల చేతులతో పని చేయించినను ఆ పని మంచిచెడ్డలకు తానే పూచీపడెను. యంత్రములతో వస్తువులు కోట్లకొలదిగా పుట్టుచున్న కాలమున, వానిలో ఒకదానిని గౌరవముతో చూచుట ఎట్లో నేర్పినవానికి శిల్పులలో స్థానము కలదని యొప్పుకొనుట న్యాయము.